బొటనవేలి కింద ప్లస్ గుర్తు

మైసమ్మగూడ హాస్టళ్లలోనో, కండ్లకోయ రూముల్లోనో, శామీర్‌పేట క్యాంపస్‌లలోనో శనివారం రాత్రి పది దాటాక ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. టీవీకి ఓ గేమ్ స్టిక్ గుచ్చుతారు, ఎవరో స్ట్రీట్ ఫైటర్ 2 పెడతారు. ఓడినవాడు లేవాలి, గెలిచినవాడు కూర్చోవాలి. ర్యూతో హడోకెన్ వేయాలంటే బొటనవేలిని ముందు కిందికి నొక్కి, అక్కణ్నుంచి ఏటవాలుగా జార్చి, ముందుకి తెచ్చి పంచ్ కొట్టాలి. కంట్రోలర్ వైపు ఎవరూ చూడరు. చూస్తే ఆలోపే అవతలివాడు తన్నేస్తాడు.

అలా చూడకుండా ఆడగలగడానికి కారణం బొటనవేలి కింద ఉన్న ప్లస్ ఆకారపు బటన్. దాని వెనకున్న మనిషి పేరు గున్‌పే యొకోయి. ప్లేస్‌మెంట్ సీజన్ మధ్యలో ఉన్న మీకు ఆయన గురించి చెప్పడానికి ఓ కారణం ఉంది. కాలేజీ నుంచి బయటికొచ్చేనాటికి ఆయన పరిస్థితి కూడా మీలో చాలామంది పరిస్థితే.

యొకోయి 1941 సెప్టెంబరు 10న జపాన్‌లోని క్యోటోలో పుట్టారు. అక్కడి దోషిషా యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివారు. మన లెక్కలో ట్రిపుల్ ఈ అనుకోండి. పెద్ద పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీలకు అప్లై చేశారు. ఏదీ రాలేదు. చివరికి 1965లో ఇంటికి దగ్గర్లో ఉందని ఓ పేకముక్కల కంపెనీలో చేరారు. ఆ కంపెనీయే నింటెండో. ఇప్పుడు ఆ పేరు వింటే కళ్లు పెద్దవవుతాయి కానీ, అప్పటికి అది 1889 నుంచి హనఫుడా అనే పూల బొమ్మల పేకముక్కలు అచ్చేసుకుంటూ వచ్చిన సంస్థ. ఈయన పని ఆ ముక్కలు తయారుచేసే మెషీన్లు ఆగకుండా చూసుకోవడం. అంటే మెయింటెనెన్స్.

మేడ్చల్ ఇండస్ట్రియల్ ఏరియాలోనో, తుర్కపల్లి వైపు ఫార్మా యూనిట్లలోనో మెయింటెనెన్స్ ఇంజినీర్ ఆఫర్ వస్తే ఇంట్లో ఎలా చెప్పాలా అని మథనపడే వాళ్లు మీ బ్యాచ్‌లోనే ఉంటారు. ఫ్రెండ్స్ స్టేటస్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు కనిపిస్తుంటే ఇది ఉద్యోగమేనా అనిపిస్తుంది. యొకోయి కూడా ఎలక్ట్రానిక్స్ చదివి పేకముక్కల దగ్గర నిలబడ్డారు. మెషీన్లు బాగా నడుస్తుంటే మెయింటెనెన్స్ వాడికి పనుండదు కదా. ఆ ఖాళీ టైమ్‌లో కంపెనీ లేత్ మీద తనకోసం ఓ బొమ్మ చేసుకున్నారు. కత్తెరలా అడ్డంగా కలిసిన పట్టీలు, ఇటు పిడి నొక్కితే అటు చెయ్యి ముందుకు సాగి వస్తువును పట్టుకుంటుంది. దాంతో ఆడుకుంటుంటే కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి చూశారు. తర్వాత ఆఫీసుకి రమ్మని కబురొచ్చింది. తిట్లు తప్పవనుకుంటూ వెళ్లారు. తీరా అక్కడ, దాన్ని అమ్మకానికి పనికొచ్చే బొమ్మగా మార్చమన్నారు. 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో మార్కెట్లోకి వచ్చి పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

అందరికీ యమౌచి లాంటి బాస్ దొరకడు. అది అదృష్టమే, ఒప్పుకోవాలి. కానీ బాస్ చూసినప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉంది, అది సొంతంగా చేసింది. ఫైనలియర్ ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనుక్కొచ్చి, వైవా ముందురోజు రాత్రి అందులో ఏముందో చదివేవాళ్లకి ఈ తేడా కాస్త గుచ్చుకోవచ్చు.

అక్కణ్నుంచి ఆయన బొమ్మల తయారీలోకి మారారు. 1969లో లవ్ టెస్టర్ వచ్చింది. ఇద్దరు చేతులు పట్టుకుని, మిగిలిన చేతుల్లో చెరో లోహపు గుండు పట్టుకుంటే ముల్లు కదిలి ప్రేమ ఎంతో చూపిస్తుంది. లోపలున్నది ఏంటంటే, శరీరం గుండా పోయే కాస్త కరెంటును కొలిచే మీటరు. మీ ఫస్టియర్ ల్యాబ్‌లోని గాల్వనోమీటరు లాంటిదే. ఆ వయసు కుర్రాళ్లకి ఓ అమ్మాయి చెయ్యి పట్టుకునే వంక దొరికింది, అంతే. తర్వాత సోలార్ సెల్స్‌ని కాంతి సెన్సర్లుగా వాడి బొమ్మ తుపాకులు చేశారు. 1973లో అదే ఆలోచనను పెద్దది చేసి, మూతపడుతున్న బౌలింగ్ హాళ్లలో లేజర్ షూటింగ్ రేంజ్‌లు పెట్టారు. సరిగ్గా అప్పుడే చమురు సంక్షోభం వచ్చింది. ఆర్డర్లు రద్దయ్యాయి, నింటెండో అప్పుల్లో పడింది.

ఇక అసలు కథ. ఓసారి బుల్లెట్ ట్రైన్‌లో వెళ్తుంటే ఎదురుగా ఓ ఉద్యోగి ఊసుపోక క్యాలిక్యులేటర్ బటన్లు నొక్కుకుంటూ కూర్చోవడం యొకోయి చూశారు. పెద్దవాళ్లు కూడా ఎవరి కంటా పడకుండా ఆడుకునే చిన్న యంత్రం ఉంటేనో అనిపించింది. ఆ రోజుల్లో క్యాలిక్యులేటర్ కంపెనీల పోటీ వల్ల ఎల్‌సీడీ తెరలు, చిప్‌లు బాగా చవకైపోయాయి. షార్ప్ కంపెనీ దగ్గర అవి తీసుకుని 1980లో గేమ్ అండ్ వాచ్ తెచ్చారు. క్యాలిక్యులేటర్‌లో అంకె గీతలు వెలిగి ఆరినట్టే, ఇందులో ముందే గీసి ఉంచిన బొమ్మలు ఒకటి కనిపించి ఒకటి మాయమవుతాయి. మనకి మనిషి కదిలినట్టు అనిపిస్తుంది. మొత్తం మీద ఈ సిరీస్‌లో 4 కోట్లకు పైగా యంత్రాలు అమ్ముడయ్యాయి.

ఆయన పద్ధతంతా ఇందులోనే ఉంది. సరికొత్త టెక్నాలజీ వెంట పరుగెత్తేవారు కాదు. అందరూ వాడి వాడి గుట్టు మొత్తం తెలిసిపోయిన, ధర పడిపోయిన పాత టెక్నాలజీని తీసుకెళ్లి, దాన్ని ఎవరూ ఊహించని చోట పెట్టేవారు. కొత్త ఫ్రేమ్‌వర్క్ పేరు వినగానే రెజ్యూమెలో పెట్టేసుకునే మనకి ఇది విచిత్రంగానే ఉంటుంది.

1981లో డాంకీ కాంగ్ వచ్చింది. డిజైన్ చదివొచ్చిన షిగెరు మియమోటో అనే కుర్రాడు చేసిన ఆట అది, పైనుండి చూసుకున్నది యొకోయి. మరుసటేడు దాన్ని జేబులో పట్టే, మడతపెట్టే గేమ్ అండ్ వాచ్‌లోకి తేవాల్సి వచ్చింది. ఆర్కేడ్ మెషీన్ మీద ఉండే పొడుగాటి జాయ్‌స్టిక్ దీనిమీద పెడితే మూత పడదు. విడివిడిగా నాలుగు బటన్లు పెడితే వేలు ఎక్కడుందో తెలియక దాన్నే చూసుకోవాలి. అందుకని నాలుగింటినీ కలిపి ఒకే ప్లస్ చేశారు. అది మధ్యలో ఓ ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతుంది. ఒకవైపు నొక్కితే ఎదురువైపు లేస్తుంది, కాబట్టి కుడి ఎడమ ఒకేసారి పడవు. రెండు చేతుల మధ్య మూల నొక్కితే మాత్రం రెండు స్విచ్‌లూ కలుస్తాయి. హడోకెన్‌లో మీ వేలు ఏటవాలుగా జారేది ఆ మూల మీదుగానే. దీని అమెరికా పేటెంట్ మీద నింటెండో ఇంజినీర్ ఇచిరో షిరాయి పేరు ఉంటుంది. లోకం మాత్రం యొకోయి పేరే చెప్పుకుంటుంది. టీమ్‌లో పనిచేయబోయే వాళ్లు గుర్తుంచుకోదగ్గ సంగతి.

1983లో ఫామికామ్ అనే ఇంటి కన్సోల్ కంట్రోలర్ మీదకి ఆ ప్లస్ వచ్చింది. మన దగ్గర మీ అన్నలూ బాబాయిలూ టీవీ గేమ్ అని కొని, క్యాసెట్ తీసి నోటితో ఊది మళ్లీ పెట్టుకున్న డబ్బాల్లో చాలావరకు దానికి నకళ్లే. 1992లో స్ట్రీట్ ఫైటర్ 2 సూపర్ ఫామికామ్‌కి వచ్చినప్పుడు, ఆర్కేడ్‌లో పిడికిట పట్టుకుని తిప్పిన ఆటని జనం ఇళ్లలో ఈ ప్లస్ మీదే మళ్లీ నేర్చుకున్నారు. బొటనవేలికి బొబ్బలు కూడా తెచ్చుకున్నారు.

1989 ఏప్రిల్ 21న గేమ్‌బాయ్ విడుదలైంది. సతోరు ఒకాడా వంటి ఇంజినీర్లతో కలిసి యొకోయి విభాగం చేసిన యంత్రం. తెర రంగుల్లేని పాచి ఆకుపచ్చ. ఆ ఏడాదే అటారీ, మరుసటేడు సెగా రంగుల తెరలతో పోటీకి దిగాయి. తెరలు పక్కపక్కన పెడితే రంగుల విషయంలో గేమ్‌బాయ్ గెలవదు. కానీ రంగుల తెరవాళ్ల యంత్రాలు 6 బ్యాటరీలు పెట్టినా కొన్ని గంటల్లోనే ఆరిపోయేవి. గేమ్‌బాయ్ 4 బ్యాటరీలతో పది గంటలు దాటి ఆడేది, ధరా తక్కువే. తర్వాత వచ్చిన కలర్ మోడల్‌తో కలిపి దాదాపు 11 కోట్ల 87 లక్షలు అమ్ముడయ్యాయి. 1995లో స్ట్రీట్ ఫైటర్ 2 కూడా దీనికి వచ్చింది, ఆరు బటన్ల ఆటని రెండు బటన్లలో కుక్కి.

అదే ఏడాది జులైలో ఆయన వర్చువల్ బాయ్ తెచ్చారు. కళ్లకి ఆనించి చూసే యంత్రం, లోపలంతా నలుపు మీద ఎరుపు. బల్ల మీద పెట్టి వంగి చూడాలి. కాసేపటికే కళ్లు, మెడ నొప్పి. పది లక్షలు కూడా అమ్ముడవలేదు, ఏడాదిలోపే ఆపేశారు. ముప్పై ఏళ్లుగా కంపెనీకి తిండి పెట్టిన మనిషి పేరు ఆ ఒక్క యంత్రంతో ముడిపడిపోయింది. ఆయన మాత్రం వెంటనే వెళ్లిపోలేదు. గేమ్‌బాయ్‌ని సన్నగా, తేలిగ్గా మార్చే పాకెట్ మోడల్ పూర్తిచేసి, 1996 ఆగస్టులో బయటికొచ్చారు. ఫెయిలయ్యాడు కాబట్టే పంపేశారని పత్రికలు రాశాయి. ఆయన ఒప్పుకోలేదు. సొంతంగా పనిచేసుకోవాలన్నది ఎప్పటి నుంచో ఉన్న ఆలోచనేనని ఆయన లెక్క. ఏది నిజమైనా, 55 ఏళ్లప్పుడు ఓ మనిషి చిన్న ఆఫీసు తెరిచి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. పేరు కోటో ల్యాబొరేటరీ. బందాయ్ కంపెనీ కోసం కొత్త చేతి కన్సోల్ పని చేపట్టారు.

1997 అక్టోబరు 4న హొకురికు ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆయన ఉన్న కారు ఓ లారీని తగిలింది. పెద్ద దెబ్బలేం లేవు. ఏమైందో చూద్దామని కిందికి దిగారు. వెనక నుంచి వచ్చిన ఇంకో కారు గుద్దేసింది. వయసు 56. మన అవుటర్ మీద రోజూ రాత్రిళ్లు బండి ఆపి దిగేవాళ్లని చూస్తే ఈ సంగతి గుర్తొస్తుంది.

ఆయన మొదలుపెట్టిన కన్సోల్ 1999 మార్చి 4న వండర్‌స్వాన్ పేరుతో విడుదలైంది. నలుపు తెలుపు తెర, ధర 4,800 యెన్‌లు. మొత్తం యంత్రానికి కావాల్సింది ఒకే ఒక్క ఏఏ బ్యాటరీ. అదే రోజు దానికోసం వచ్చిన ఓ పజిల్ ఆటకి గున్‌పే అని పేరు పెట్టారు.