ముందు అడ్వాన్సు, తర్వాత కథ: మంటో రోజువారీ పోరాటం

ఉర్దూ కథ గురించి మాట వస్తే సాదత్ హసన్ మంటో పేరు రాకుండా ఉండదు. ఆయన కథల మీద నడిచిన కేసుల గురించి చాలామందికి తెలుసు. ఆ కథలు రాస్తూ ఇల్లు నడపడానికి ఆయన పడిన పాట్లు మాత్రం అంతగా తెలియవు.

1912 మే 11న పంజాబ్‌లోని లూధియానా జిల్లా సమ్రాలాలో, కశ్మీరీ కుటుంబంలో మంటో పుట్టారు. మెట్రిక్‌లో ఫెయిలయ్యారు, అదీ ఉర్దూలో! అమృత్‌సర్‌లో జర్నలిస్టు అబ్దుల్ బారీ ఆయన్ని పుస్తకాల వైపు తిప్పారు. విక్టర్ హ్యూగో రచనను ఉర్దూలోకి అనువదించారు. అలా చేతికొచ్చిన కలం చివరిదాకా వదల్లేదు.

1941లో ఢిల్లీ ఆలిండియా రేడియోలో చేరి వరసగా నాటకాలు రాశారు. బొంబాయిలో సినిమా కథలు రాశారు. దేశ విభజన తర్వాత 1948 జనవరిలో లాహోర్ వెళ్లిపోయారు. అక్కడ సినిమా పని సరిగ్గా దొరకలేదు. ఇక కథే బతుకుతెరువు.

ఆయనకు ఏకాంతం ఉండేది కాదు. సోఫాలో కూర్చుని, బిస్మిల్లా అని మొదలుపెట్టేవారు. పక్కనే ముగ్గురు ఆడపిల్లల గోల. వాళ్ల తగాదాలు తీర్చాలి, సలాడ్ కలపాలి, ఇంటికొచ్చిన వాళ్లతో మాట్లాడాలి. మధ్యలో కథ సాగేది. అప్పటికే పబ్లిషర్ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఖర్చు పెట్టేసేవారు కాబట్టి రాయక తప్పేది కాదు. బుర్రలో ఏమీ తట్టనప్పుడు, ఆలోచిస్తూ కూర్చోవద్దు, కలం పట్టమని భార్య సఫియా ముందుకు నెట్టేవారు.

అశ్లీలత పేరుతో ఆయన మీద ఆరు కేసులు పడ్డాయి. మూడు విభజనకు ముందు, మూడు తర్వాత. ఒక పక్క కోర్టు వాయిదాలు, ఇంకో పక్క అప్పులు. వీటన్నిటికంటే పెద్ద శత్రువు మద్యం. పత్రికాఫీసులో కూర్చుని కథ రాసి, అక్కడే డబ్బు తీసుకునేవారు. అందులో ఇంటికి చేరింది తక్కువ, సీసాకు పోయింది ఎక్కువ. మానేయడానికి ఆస్పత్రిలో కూడా చేరారు, కానీ అలవాటు పోలేదు.

1955 జనవరి 18న లాహోర్‌లో ఇంతికాల్ అయ్యారు. అప్పటికి వయసు 42 ఏళ్లే. 20కి పైగా కథా సంపుటాలు మిగిల్చారు. బతికుండగా కోర్టుల చుట్టూ తిప్పిన పాకిస్తాన్ ప్రభుత్వమే 2012లో ఆయనకు నిషాన్-ఎ-ఇంతియాజ్ ప్రకటించింది. కథలు ఉర్దూకు దక్కాయి. వాటి అసలు ఖరీదు కట్టింది మాత్రం సఫియా, ముగ్గురు పిల్లలు.