సర్ విలియం డగ్డేల్
(ఇంగ్లండు ప్రభువంశముల చరిత్రకారుడు)

వంశముల పూర్వోత్తరములు చెప్పుట మన దేశమున భట్రాజుల పని. కృతిపతి వంశమును సూర్యునితోనో చంద్రునితోనో ప్రారంభించి వర్ణించుట మన కవుల యలవాటు. ఇంగ్లండు దేశమునందును ఇట్టి యలవాటు చిరకాలము కలదు. తన మూలపురుషుడు 1066లో నార్మండీనుండి విలియం రాజు వెంట వచ్చిన మహావీరుడని చెప్పుకొనని ప్రభువు అచ్చట అరుదు. ఆ మాటలో నిజమెంతయో తేల్చుటకు సామాన్యునకు సాధనము లేకుండెను. వినికిడి మాటలను ప్రక్కకు నెట్టి, దానపత్రమేది, రాజశాసనమేది, సమాధిపై చెక్కిన అక్షరమేది యని అడిగి, దొరికినదానిని దొరికినట్లు వ్రాసికొని, మధ్యయుగపు ప్రభువంశముల చరిత్రను సమకూర్చినవారిలో సర్ విలియం డగ్డేల్ అగ్రగణ్యుడు.

ఈయన 1605వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన, వార్విక్ మండలములో కోల్స్‌హిల్ పట్టణమునకు సమీపముననున్న షస్టోక్ గ్రామమున జన్మించెను. ఆ దినముననే తండ్రిగారి తోటలో తేనెటీగల గుంపు వచ్చి వ్రాలెనట. బిడ్డడు గొప్ప పరిశ్రమశాలి కాగలడని ఊరివారు శకునము చెప్పుకొనిరి. శకునముల మాట యెట్లున్నను, ఆయన యావజ్జీవము పువ్వు పువ్వునకు తిరిగిన తేనెటీగవలెనే పత్రము పత్రమునకు తిరిగెను. కవెంట్రీ పట్టణపు పాఠశాలలో కొంత చదివిన పిమ్మట తండ్రియే ఆయనకు ధర్మశాస్త్రమును చరిత్రమును చెప్పెను. తండ్రి వృద్ధుడు, కన్నుమూయకముందే కుమారుని వివాహము చూడగోరెను. అందుచే 1623 మార్చి నెలలో, పదునెనిమిదేండ్లయినను నిండకమునుపే, విలియమునకు మార్గరెట్ హంట్‌బాక్ అను కన్యతో వివాహము జరిగెను. మరుసటియేడు తండ్రి గతించెను. 1625లో విలియం షస్టోక్ చెంతనే బ్లైత్ అను ఎస్టేటును కొని అందు స్థిరపడెను.

విశ్వవిద్యాలయములో చదువని యీ పల్లెటూరి గృహస్థుడు పురాతన పరిశోధనలో దిగుటకు కారణము ఒక భూమి తగాదా. 1635లో కంచె విషయమై పొరుగువానితో వివాదము రాగా, మధ్యవర్తిగా విలియం బర్టన్ అను పండితుడు వచ్చెను. ఆయన లెస్టర్ మండల చరిత్రమును వ్రాసినవాడు. తగాదా యెట్లు తీరినను స్నేహము మాత్రము నిలిచెను. ఆ దారిన సర్ సైమన్ ఆర్చర్ అను మరియొక పరిశోధకుడు పరిచితుడయ్యెను. వార్విక్ మండలములోని పాతకుటుంబముల పెట్టెలలో మ్రగ్గుచున్న పత్రములను వారిరువురును ఎరవు తెచ్చి ప్రతులు వ్రాసికొనసాగిరి.

1638లో డగ్డేల్ లండను వెళ్లి వృద్ధ పండితుడగు సర్ హెన్రీ స్పెల్‌మన్ దర్శనము చేసెను. స్పెల్‌మన్ ఆయన శ్రద్ధకు మెచ్చి అరండెల్ ప్రభువునకు సిఫారసు చేసెను. ఆ ప్రభువు రాజాస్థానమందలి హెరాల్డులపై అధికారి. హెరాల్డులనగా రాజు పక్షమున చాటింపు చేయువారు, దూతలుగా పోవువారు, ప్రభువుల వంశములను వారి డాళ్లపై నుండెడి చిహ్నములను పట్టికలో వ్రాసి యుంచువారు. డగ్డేల్ ఆ వర్గమున మొదట చిన్న యుద్యోగమున ప్రవేశించి, 1639లో రూజ్ క్రోయి అను పదవిని పొందెను. జీతము సాలుకు 20 పౌనులు మాత్రమే. అయినను హెరాల్డుల కార్యాలయముననే బసయు, లండను బురుజులోని రాజపత్రములను చూచు అవకాశమును లభించెను. ఆయన కోరినది అదియే.

ఆ రాజపత్రముల విలువను గూర్చి కొంచెము చెప్పవలెను. రాజునుండి నేరుగా భూమి పొందిన ప్రభువు మరణించినపుడెల్ల రాజోద్యోగి ఆ ప్రాంతపు పెద్దమనుష్యులను కూర్చి ప్రమాణము చేయించి, మృతునకు ఏయే భూములున్నవి, వారసుడెవడు, వాని వయస్సెంత యని విచారించి తోలుకాగితముపై వ్రాయించుచుండెను. రాజునకు రావలసిన సొమ్ము పోకుండుటకై చేసిన యేర్పాటది. కాని నాలుగువందల యేండ్ల పిమ్మట తండ్రి యెవరో కొడుకెవరో నిర్ణయించుటకు అంతకుమించిన సాక్ష్యము లేదు. పొగడ్త కొరకు వ్రాసినది కాదు గనుకనే దానికంత విలువ.

పేరును బట్టి వంశమును పట్టుకొనుట ఎంత కష్టమో డగ్డేల్ సొంత మండలమే నిదర్శనము. వార్విక్ ప్రభుత్వము మొదట న్యూబర్గ్ వంశీయులది. మగసంతానము లేక అది మార్గరెట్ అను ఆడుపడుచునకు వచ్చెను. ఆమె 1253లో సంతానములేక మరణింపగా మేనత్త కుమారుడు విలియం మాడిట్ అధికారి యయ్యెను. అతడును 1268లో బిడ్డలు లేకయే గతింపగా, అతని సోదరి కుమారుడు విలియం బోషాంప్ ఆ పదవిని పొందెను. పదునైదేండ్లలో ప్రభువుల యింటిపేరు రెండుమార్లు మారినది. రక్తసంబంధము మాత్రము తెగలేదు. ఆడుబిడ్డలను లెక్కలోనికి తీసికొననివాడు ఇంగ్లండు వంశవృక్షములో మొదటి కొమ్మ దగ్గరనే దారి తప్పును.

1641 నాటికి రాజునకును పార్లమెంటునకును వైరము ముదిరెను. విగ్రహములనిన గిట్టని ప్యూరిటనుల చేతిలో దేవాలయములు పాడగునని సర్ క్రిస్టఫర్ హాటన్ అను దాత ముందుగనే గ్రహించి, అందలి సమాధులను శాసనములను వ్రాసి యుంచుమని డగ్డేలును ప్రోత్సహించెను. విలియం సెడ్జివిక్ అను చిత్రకారుని వెంటబెట్టుకొని డగ్డేల్ లండనులోని సెయింటుపాల్ దేవాలయము, వెస్ట్‌మినిస్టర్ మొదలుకొని పీటర్‌బరో, ఈలీ, నార్విచ్, లింకన్, యార్క్, చెస్టర్, లిచ్‌ఫీల్డ్ మున్నగు చోట్లకు పోయి, ప్రతి సమాధిని, గాజుకిటికీలపై నున్న ప్రతి చిహ్నమును చూచి వ్రాసికొనగా, చిత్రకారుడు బొమ్మలు దించెను. రెండేండ్లు తిరుగకమునుపే, 1643లో, పీటర్‌బరో దేవాలయము సైనికులచే ధ్వంసమయ్యెను. 1646లో లిచ్‌ఫీల్డ్ ముట్టడిలో నడిమి గోపురమే కూలెను. కొన్ని సమాధుల రూపము నేడు ఆ పుస్తకమునందు తప్ప మరెచ్చటను లేదు. ఆ పుస్తకము బ్రిటిష్ గ్రంథాలయమున భద్రముగా నున్నది.

1642లో యుద్ధము ప్రారంభమయ్యెను. డగ్డేల్ రాజపక్షము వాడు. హెరాల్డు అంగీ తొడిగికొని పోయి, బాన్‌బరీ, వార్విక్ కోటలను రాజునకు స్వాధీనము చేయుడని చాటెను. బాన్‌బరీ లొంగెను, వార్విక్ లొంగలేదు. తాను చరిత్ర వ్రాయుచున్న కోట ద్వారముననే శత్రువుగా నిలువవలసి వచ్చుట ఆయనకెట్లుండెనో! పిమ్మట 1646 వరకు రాజుతో ఆక్స్‌ఫర్డున నుండి, తీరిక వేళలందెల్ల బోడ్లియన్ గ్రంథాలయమున గడిపెను. రాజపక్ష మోడెను. జప్తు అయిన ఎస్టేటును అపరాధము చెల్లించి విడిపించుకొని బ్లైత్ చేరెను.

ఉద్యోగము లేని యా దినములే గ్రంథములకు ఫలించిన దినములు. యార్క్ మండలమువాడగు రోజర్ డాడ్స్‌వర్త్ అను పరిశోధకుడు మఠముల దానపత్రములను చిరకాలముగా కూర్చుచుండెను. 1536–1540 నడుమ ఎనిమిదవ హెన్రీ మఠములను రద్దు చేయగా వాని పత్రములు నలుదిక్కుల చెదరిపోయెను. యార్క్‌లోని సెయింట్ మేరీ బురుజునందు దాచిన పత్రములు అనేకములకు డాడ్స్‌వర్త్ ముందుగనే నకలు వ్రాసెను. 1644 ముట్టడిలో ఆ బురుజు మందుగుండుతో పేలిపోయెను. డాడ్స్‌వర్త్, డగ్డేల్ తమ ప్రతులను కలిపి అచ్చునకు సిద్ధపరచిరి. కాని 1654లో డాడ్స్‌వర్త్ మరణించెను. మరుసటియేడు మొనాస్టికన్ ప్రథమ సంపుటము ఇరువురి పేరను వెలువడెను. సంపుటమునకు కావలసిన కష్టములో అధికభాగము డాడ్స్‌వర్త్‌దే. కీర్తిలో అధికభాగము మాత్రము బ్రదికియున్న డగ్డేలునకు దక్కెను. డగ్డేల్ మిత్రుని పేరు తొలగింపలేదు. అయినను ఉత్తరదేశపు పత్రములను తలచినపుడెల్ల మనము డాడ్స్‌వర్తును స్మరించుట న్యాయము.

1656లో వార్విక్ మండల చరిత్రము వెలువడెను. ఇట్టి మండల చరిత్రమునకు చాలకాలము వరకు అదియే మాదిరి. పిమ్మట సెయింటుపాల్ దేవాలయ చరిత్రము. దానికి కావలసిన పాతపత్రములను ఒక పెద్దమనుష్యుడు గోనెలలోను గంపలలోను నింపి, పదిమంది కూలీలు మోసెడంత బరువు పంపెనట! 1658లో ఆ గ్రంథము హోలార్ అను ప్రసిద్ధ చిత్రకారుని పటములతో అచ్చయ్యెను. ఎనిమిదేండ్లకు, 1666 సెప్టెంబరులో, లండను అగ్నిప్రమాదమున ఆ దేవాలయము దగ్ధమయ్యెను. డగ్డేల్ గ్రంథముల అమ్ముడుపోని ప్రతులును బూడిదయయ్యెను.

1660లో రాజరికము మరల వచ్చెను. డగ్డేల్ నారాయ్ అను పదవిలో ట్రెంట్ నదికి ఉత్తరమున నున్న మండలములన్నిటికి అధికారి యయ్యెను. ఊరూర తిరిగి, వంశచిహ్నములు ధరించు హక్కు కలదో లేదో విచారించి, హక్కులేనివారి చిహ్నములను తొలగింపజేసెను. దీనివలన ఆయనకు మిత్రులు పెరుగలేదు.

ప్రభువంశముల చరిత్రయగు బారొనేజ్ 1675, 1676 సంవత్సరములలో అచ్చయ్యెను. ప్రతి వాక్యము ప్రక్కను ఆధారపత్రము పేరు కలదు. అప్పటికి అది క్రొత్త పద్ధతి. అయినను ఆయనయు ఒకచోట మోసపోయెను. డెన్‌బీ ప్రభువులగు ఫీల్డింగ్ వంశీయులు జర్మనీ దేశపు హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల సంతతివారమని పత్రములు చూపగా డగ్డేల్ నమ్మి గ్రంథమున చేర్చెను. రెండువందల యేండ్లు దాటిన పిమ్మట హొరేస్ రౌండ్ అను విమర్శకుడు ఆ కథ బూటకమని రుజువు చేసెను. ఆధారములు అడుగుటయే వ్రతముగా గలవాడు గొప్పయింటివారి పత్రములనేల గట్టిగా పరీక్షింపలేదు? స్వమండలపు ప్రభువులయందలి గౌరవము అడ్డువచ్చియుండునని నా యూహ. రౌండ్ కూడ ఆ తప్పు పట్టుటకు డగ్డేల్ నేర్పిన మార్గముననే, మూలపత్రము వెదకుచు పోవలసి వచ్చినది.

1677లో డగ్డేల్ హెరాల్డులందరిపై ఉన్నతమైన గార్టర్ పదవిని, సర్ బిరుదమును పొందెను. ఆ పదవి మొదట తన కూతురు ఎలిజబెత్ భర్తయగు ఎలియాస్ ఆష్మోల్‌ను వరింపగా ఆయన మామగారికి విడిచెను. 1686 ఫిబ్రవరి 10వ తేదీన బ్లైత్ యింట కుర్చీలో కూర్చుండి డగ్డేల్ ప్రాణము విడిచెను. వయస్సు ఎనుబది యేండ్లు. షస్టోక్ దేవాలయమున తాను ముందే కట్టించి యుంచుకొన్న సమాధిలో భార్య చెంత ఆయనను నిక్షేపించిరి. వ్రాతప్రతులను అల్లుడు స్థాపించిన ఆక్స్‌ఫర్డ్ ప్రదర్శనశాలకు వ్రాసి యిచ్చెను. అవి నేడు, యుద్ధకాలమున తాను కూర్చుండి చదివిన బోడ్లియన్ గ్రంథాలయములోనే యున్నవి.