పగలు పని.. రాత్రి కాలేజీ

2021 ఫిబ్రవరిలో నాసా రోవర్ పర్సెవరెన్స్ అంగారకుడి మీద దిగింది. కొద్ది రోజులకే ఆ దిగిన చోటుకి ఒక రచయిత్రి పేరు పెట్టారు.. ఆక్టేవియా బట్లర్. ఆమె చనిపోయి అప్పటికే పదిహేనేళ్లు. చిన్నప్పుడు అంగారకుడి నుంచి వచ్చిన ఆడపిల్ల కథతో తీసిన ఓ నాసిరకం సినిమా టీవీలో చూసి, ఇంతకన్నా మంచి కథ నేనే రాయగలను అనుకుందట. అప్పుడామెకు 12 ఏళ్లు.

ఆక్టేవియా 1947లో అమెరికాలోని పసడీనాలో పుట్టింది. నాన్న బూట్లు పాలిష్ చేసేవాడు, చిన్నతనంలోనే పోయాడు. అమ్మ తెల్లవాళ్ల ఇళ్లలో పనిమనిషి. అమ్మతో పాటు ఆ ఇళ్లకు వెళ్లినప్పుడు దొడ్డిదారిన లోపలికి పోవడం, వాళ్లన్న మాటలకు అమ్మ తలొంచుకుని ఊరుకోవడం ఆ పిల్ల చూసింది. దానికితోడు డిస్లెక్సియా. అక్షరాలతో బడిలో ఎప్పుడూ యుద్ధమే. అయినా పదేళ్లకే అమ్మని బతిమాలి టైప్‌రైటర్ కొనిపించుకుంది.

1965లో హైస్కూల్ అయిపోయాక, పగలు పని చేసుకుంటూ రాత్రిళ్లు పసడీనా సిటీ కాలేజీలో చదివింది. అది కమ్యూనిటీ కాలేజీ. అంటే మన డిగ్రీ కాలేజీలా మూడేళ్లది కాదు. ఉన్న ఊళ్లోనే, తక్కువ ఖర్చుతో రెండేళ్ల కోర్సు. కావాలంటే ఆ తర్వాత యూనివర్సిటీకి మారొచ్చు. పని చేసుకునేవాళ్ల కోసం సాయంత్రం క్లాసులుంటాయి. పెద్ద పేరున్న చోటు కాదు గానీ ఆక్టేవియాకి కావాల్సింది అక్కడే దొరికింది.

మొదటి ఏడాదిలోనే కాలేజీ కథల పోటీలో గెలిచి 15 డాలర్లు తెచ్చుకుంది. రాత మీద ఆమెకు వచ్చిన మొదటి సంపాదన అదే.

అంతకన్నా పెద్దది ఇంకొకటి దొరికింది. నల్లవాళ్ల హక్కుల ఉద్యమంలో తిరిగే తోటి విద్యార్థి ఒకరు, ముందు తరం నల్లవాళ్లంతా తెల్లవాళ్లకి అణిగిమణిగి బతికారని గట్టిగా తిట్టిపోశారు. ఆ మాట ఆక్టేవియాకి గుచ్చుకుంది. తలొంచిన ఆ తరంలో ఆమె అమ్మ కూడా ఉంది కదా. అమ్మ అలా ఊరుకోబట్టే ఇంట్లో పొయ్యి వెలిగింది. దీనికి జవాబు క్లాసులో వాదించి చెప్పేది కాదు. ఆమె చెప్పిన జవాబు పుస్తకం రూపంలో రావడానికి పదేళ్లకు పైనే పట్టింది. మధ్యలో 1968లో చరిత్ర ప్రధానంగా అసోసియేట్ డిగ్రీ అందుకుంది.

డిగ్రీ తర్వాత కథ మీలో చాలామందికి తెలిసిందే. అమ్మ స్థిరమైన జీతం వచ్చే సెక్రటరీ ఉద్యోగం చూసుకోమంది. అమ్మది తప్పని నేననను. కానీ ఆక్టేవియా కావాలనే బుర్రకి పని లేని తాత్కాలిక పనులు పట్టుకుంది. గిన్నెలు కడిగింది, ఫోన్లో సరుకులమ్మింది, చిప్స్ ఫ్యాక్టరీలో నాణ్యత చూసింది. తెల్లవారుజామున రెండింటికో మూడింటికో లేచి రాసుకుని, ఆ తర్వాత డ్యూటీకి వెళ్లేది. 1970లో క్లారియన్ అనే రచయితల శిక్షణ శిబిరానికి వెళ్లింది. అక్కడ రెండు కథలు అమ్ముడయ్యాయి. ఇక దశ తిరిగిందనుకుంటే, తర్వాత ఐదేళ్లూ ఒక్కటీ అమ్ముడుపోలేదు. మొదటి నవల 1976లో గానీ రాలేదు.

1979లో 'కిండ్రెడ్' వచ్చింది. కాలేజీలో దొరికిన విత్తనం అదే. 1976 నాటి లాస్ ఏంజిలెస్‌లో ఉండే ఓ నల్ల యువతి, బానిసత్వం ఉన్న కాలపు మేరీల్యాండ్‌కి వెళ్లి పడుతుంది. అక్కడ తలెత్తి మాట్లాడితే ఏమవుతుందో ఆమెకు ఒంటి మీద దెబ్బలతో తెలిసొస్తుంది. దీన్ని రాయడానికి ముందు ఆక్టేవియా బస్సెక్కి మేరీల్యాండ్ దాకా వెళ్లి ఆ ప్రాంతం చూసొచ్చింది.

1995లో ప్రతిష్ఠాత్మక మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. సైన్స్ ఫిక్షన్ రచయితల్లో దాన్ని అందుకున్న తొలి వ్యక్తి ఆమే. తన పుస్తకాలు బెస్ట్‌సెల్లర్లు అవుతాయని నోటు పుస్తకంలో తనకు తానే రాసి పెట్టుకుంది. ఆ కాగితాలు ఇప్పుడు పసడీనా పక్కనే ఉన్న హంటింగ్టన్ లైబ్రరీలో ఉన్నాయి. 2006లో, 58 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆమె నవల 'పారబుల్ ఆఫ్ ద సోయర్' న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ల జాబితాకి ఎక్కింది 2020లో.