జేమ్స్ మర్రే

సర్ జేమ్స్ మర్రే (ఫిబ్రవరి 7, 1837 - జూలై 26, 1915) స్కాట్లాండుకు చెందిన భాషావేత్త, నిఘంటుకారుడు. 1879 నుండి మరణించేవరకు ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువునకు సంపాదకుడు. ఆంగ్లములోని ఉపసర్గలను, ప్రత్యయములను, సమాసములను నిఘంటువులో ఏ విధముగా చూపాలన్న ప్రశ్నకు ఒక పద్ధతిని ఏర్పరచినవాడు.

తొలి జీవితము

మర్రే హాయిక్ పట్టణము సమీపమున డెన్‌హోమ్ గ్రామములో ఒక దర్జీ ఇంట జన్మించాడు. పేదరికము వలన 14వ ఏట బడి మానివేశాడు. అయినను స్వయంకృషితో అనేక భాషలు నేర్చి, 17వ ఏట ఉపాధ్యాయుడు, 20వ ఏట ప్రధానోపాధ్యాయుడు అయ్యాడు. భార్య అనారోగ్యము కారణముగా లండను చేరి, కొంతకాలము చార్టర్డ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, ఆస్ట్రేలియా అండ్ చైనాలో గుమాస్తాగా పనిచేశాడు. బ్రిటిష్ మ్యూజియములో ఉద్యోగమునకు దరఖాస్తు చేసుకొనగా లభించలేదు. 1870లో మిల్ హిల్ పాఠశాలలో తిరిగి ఉపాధ్యాయ వృత్తి చేపట్టాడు. పట్టభద్రుడైనది 1873లో, అనగా 36వ ఏట.

నిఘంటు నిర్మాణము

1879లో ఒప్పందము కుదిరినప్పుడు పని పదేళ్ళలో ముగియగలదని అందరు భావించారు. మర్రే పాఠశాల ఆవరణలో ఇనుప రేకులతో ఒక షెడ్డు వేయించి, దానికి స్క్రిప్టోరియం అని పేరు పెట్టాడు. స్వచ్ఛంద పాఠకులు పుస్తకములు చదివి, ప్రయోగములను చీటీలపై వ్రాసి పంపేవారు. వాటిని అక్షరక్రమములో సర్దుటకు మర్రే తన పిల్లలను కూడ నియోగించాడు (ఈయనకు 11 మంది సంతానము). ఇంత శ్రమించినను 1884లో వెలువడిన మొదటి భాగము 'ఎ' నుండి 'యాంట్' వరకే సాగింది. మరుసటి సంవత్సరము ఉద్యోగము విడిచి ఆక్స్‌ఫర్డుకు మారి, అక్కడ తోటలో మరొక షెడ్డు కట్టించుకొన్నాడు.

పదముల విభజన

ప్రత్యయములతో క్రొత్త పదములు ఎన్నైనను పుట్టించవచ్చును. అన్నిటిని చేర్చితే నిఘంటువునకు అంతముండదు, విడిచితే భాష కనిపించదు. మర్రే పదములను ప్రధాన పదములు, ఉపపదములు, సంయోగములు అని మూడుగా విభజించాడు. 'ఏబుల్' వంటి ప్రత్యయములకు, 'యాంటీ' వంటి ఉపసర్గలకు వేరుగా ఆరోపములు ఇచ్చాడు. 'ఆఫ్టర్‌నూన్' వలె అర్థములోనో చరిత్రలోనో ప్రత్యేకత గల సమాసములు స్వతంత్ర పదములయ్యాయి. విడి పదముల అర్థములు కలిపితే బోధపడే సమాసములను మాతృపదము క్రిందనే చేర్చాడు.

ఈ హద్దు గీయుట సులభము కాలేదు. ఆఫ్రికా అను స్థలనామమునకు ప్రత్యయము చేరి ఏర్పడిన 'ఆఫ్రికన్'కు నిఘంటువులో చోటు అవసరము లేదని మొదట నిర్ణయించాడు. కొన్ని నెలల తరువాత 'అమెరికన్' వచ్చింది. 'అమెరికనిజం', 'అమెరికనైజ్' పదములను విడువలేరు, మూలపదము లేక వాటిని వివరింపలేరు. కనుక దానిని చేర్చవలసివచ్చింది. మొదటి నియమమును మరీ కఠినముగా పాటించియుండవచ్చునని మర్రే స్వయముగా పీఠికలో అంగీకరించాడు. తన పొరపాటును అచ్చులో ఒప్పుకొన్న పండితులు తక్కువ.

మరి రెండు లోపములు ప్రసిద్ధి చెందాయి. 'ఐటిస్' ప్రత్యయముతో ఏర్పడిన 'అపెండిసైటిస్'ను కేవల వైద్య పరిభాషగా భావించి విడిచాడు. 1902 జూన్‌లో ఆ వ్యాధి వలననే ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకము వాయిదాపడి, పదము ప్రతి పత్రికలోను కనిపించింది. 'బాండ్‌మెయిడ్' (దాసి అని అర్థము) కథ వేరు. ఆ సమాసపు చీటీలు ఎక్కడో జారిపోయినందున 1887 నాటి భాగములో పదమే లేకపోయింది.

చివరి సంవత్సరములు

1908లో సర్ బిరుదు లభించింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు ఇచ్చుటకు మాత్రము 1914 వరకు పట్టింది. మరణించునాటికి మర్రే 'టి' అక్షరముపై పనిచేస్తున్నాడు. నిఘంటువులో దాదాపు సగము ఈయన సంపాదకత్వములో సిద్ధమైంది. మన 'అసత్యము', 'అనుచితము'లలోని నిషేధార్థము వంటిదే గల 'అన్' ఉపసర్గతో మొదలగు వేలాది పదములు విలియం క్రెయిగీ వంతుకు వచ్చాయి. తొలి ముద్రణ 1928లో పూర్తయింది. 'అపెండిసైటిస్', 'బాండ్‌మెయిడ్' రెండును 1933 అనుబంధ సంపుటములో చేరాయి.