గడ్డకట్టని రక్తం – జే మెక్‌లీన్ కథ

మా బయోకెమిస్ట్రీ ల్యాబులో ప్లాస్మాకి థ్రాంబోప్లాస్టిన్, కాల్షియం కలిపి స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటాం. 12, 13 సెకన్లలో గడ్డ కట్టాలి. కట్టకపోతే పైపెట్టు పట్టడం రాదని చీవాట్లు. ఒకరోజు అలా చీవాట్లు తిన్నాకే నాకు జే మెక్‌లీన్ మీద అభిమానం పుట్టింది.

ఆయన 1890లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. 1906 భూకంపం తరవాత చెలరేగిన మంటల్లో ఇల్లు బూడిదైంది. చదువు ఖర్చుల కోసం బంగారు గనిలో కూలి చేశాడు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల సీటు ఇవ్వకపోయినా 1915లో మూటాముల్లే సర్దుకుని అక్కడికి వెళ్ళి నిలబడ్డాడు! అదృష్టం, ఒక ఖాళీ దొరికింది.

శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు హోవెల్ ఆయనకో పని అప్పగించాడు. మెదడు నుంచి తీసే సెఫాలిన్ అనే కొవ్వు పదార్థం రక్తాన్ని త్వరగా గడ్డ కట్టిస్తుంది. ఆ గుణం సెఫాలిన్‌దేనా, అందులోని మలినాలదా? అది తేల్చాలి.

సెఫాలిన్ అలా ఎందుకు చేస్తుందో అప్పట్లో తెలీదు. అందులో ఫాస్ఫాటిడైల్ సెరీన్ అనే ఋణావేశపు లిపిడ్ ఉంది. మామూలుగా అది కణత్వచం లోపలి పొరలో దాగి ఉంటుంది. గాయమైతే ప్లేట్‌లెట్లు దాన్ని బయటి పొరకి తిప్పేస్తాయి. ప్రోథ్రాంబిన్, పదో ఫ్యాక్టరు కాల్షియం సాయంతో ఆ పొరకి అతుక్కుంటాయి. ప్లాస్మాలో ఎక్కడెక్కడో తిరిగేవి ఒకచోట చేరి, ఐదో ఫ్యాక్టరు కూడా తోడైతే, థ్రాంబిన్ తయారీ వేల రెట్లు వేగం అందుకుంటుంది.

మెక్‌లీన్ గుండె, కాలేయాల నుంచి కూడా ఇలాంటి లిపిడ్లు తీశాడు. నిలవ ఉంచినకొద్దీ వాటి శక్తి తగ్గింది. సరే, అంతటితో ఆగలేదు. కాలేయం సరుకు రక్తాన్ని అసలు గడ్డ కట్టనివ్వలేదు! హోవెల్ నమ్మలేదు. మెక్‌లీన్ పిల్లి రక్తంలో ఆ సరుకు కలిపి, బీకరు ఆయన బల్లమీద పెట్టి, గడ్డ కడితే కబురు చెయ్యమన్నాడట. కట్టనే లేదు.

1916లో వ్యాసం అచ్చయింది. 1918లో హోవెల్, హోల్ట్ అనే మరో విద్యార్థితో కలిసి, ఆ నిరోధకానికి హెపారిన్ అని పేరు పెట్టాడు. అయితే ఇవాళ ఆసుపత్రుల్లో ఇచ్చే హెపారిన్ లిపిడ్ కాదు, నీటిలో కరిగే చక్కెర గొలుసు. కాబట్టి మెక్‌లీన్ చూసింది ఇదేనా అన్న తగవు ఉండనే ఉంది. హోవెల్‌ని తక్కువ చేయను గానీ, నా మట్టుకు నేను బీకరు పెట్టినవాడి పక్షం.

మెక్‌లీన్ తరవాత శస్త్రవైద్యుడయ్యాడు. ఆ ఆవిష్కరణ తనదేనని చివరి ఏళ్ళలో ఉపన్యాసాల్లో చెప్పుకున్నాడు. 1957లో కన్నుమూశాడు. తన ప్రయోగం గురించి ఆయన రాసుకున్నది 1959లో గాని అచ్చు కాలేదు.