చేపపిల్లల గొంతు కణతి చెప్పిన రహస్యం

చెరువులో పెంచుతున్న చేపపిల్లలకు దవడ కింద ఎర్రటి కణతులు లేస్తే మీరేం చేస్తారు? 1909 ప్రాంతంలో అమెరికాలోని పెన్సిల్వేనియా హేచరీల్లో బ్రూక్ ట్రౌట్ చేపలకు ఇదే వచ్చింది. చూసినవాళ్లలో పేరున్న శాస్త్రవేత్తలు చాలామంది అది థైరాయిడ్ క్యాన్సర్ అనే తేల్చారు. కాదన్న కుర్రాడి వయసు ముప్ఫై కూడా లేదు. పేరు డేవిడ్ మెరైన్.

1880లో మేరీలాండ్ రాష్ట్రంలో పుట్టిన మెరైన్, 1905లో జాన్స్ హాప్కిన్స్‌లో డాక్టరు పట్టా పుచ్చుకుని క్లీవ్‌లాండ్‌కు వెళ్లాడు. ఊళ్లో అడుగుపెట్టగానే వీధి కుక్కల మెడలు ఉబ్బి ఉండటం ఆయన కంట పడిందంటారు. మహా సరస్సుల చుట్టుపక్కల మట్టిలో, నీళ్లలో అయోడిన్ తక్కువ. మనుషులకూ అదే గొంతు వాపు. అందరూ రోజూ చూసేదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఈయన మాత్రం ఉబ్బిన గ్రంథుల్లో అయోడిన్ ఎంతుందో కొలవడం మొదలుపెట్టాడు.

అలాంటివాడికి చేపల కేసు దొరికితే ఊరుకుంటాడా! సహచరుడు లెన్‌హార్ట్‌తో కలిసి హేచరీ తొట్లను పరిశీలించాడు. కిక్కిరిసిన చేపలు, చాలీచాలని నీటి పారుదల, మేతేమో తరిగిన పశువుల కాలేయం, గుండె. నీటిలో కొద్దిగా అయోడిన్ కలిపి చూశారు. కణతులు తగ్గుముఖం పట్టాయి. క్యాన్సరైతే అంత తేలిగ్గా తగ్గదు కదా! తర్వాత కాలేయం మాన్పించి సముద్రపు చేపను మేతగా వేసి చూస్తే అప్పుడూ జబ్బు తగ్గింది. సముద్రపు చేపలో అయోడిన్ ఉంటుంది. 1914లో ఆ ఫలితాలూ అచ్చయ్యాయి. రోగం మేతలోనే ఉందన్నమాట.

బైపీసీ చదివి బీఎఫ్‌ఎస్సీ వైపు చూస్తున్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. చేప మొప్పల ద్వారా నీటి నుంచి కాల్షియం పీల్చుకోగలదు గానీ, ఫాస్ఫరస్ మాత్రం దాదాపు మేత నుంచే రావాలి. అది చాలకపోతే కార్పు పిల్లల ఎదుగుదల ఆగి, తల ఎముకలు వంకర పోతాయి. జింకు తగ్గితే ట్రౌట్ కళ్లకు శుక్లాలు వస్తాయి. మన కొల్లేరు చెరువుల్లో సంచుల్లో కట్టి వేలాడదీసే నూనె తీసిన తవుడులో ఫాస్ఫరస్ ఉంది, కానీ ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో బంధించి ఉంటుంది. బొచ్చె, రాగండిలాంటి కార్పులకు మనలా ఆమ్లం ఊరే కడుపు ఉండదు కాబట్టి ఎముకల పొడిలోని ఫాస్ఫరస్ కూడా వాటికి సరిగా ఒంటబట్టదు. అందుకే మేతలో ఏది ఎంతుందన్నది ఒక్కటే లెక్క కాదు, చేపకు అందేది ఎంత అన్నదే లెక్క.

మళ్లీ మెరైన్ దగ్గరికొద్దాం. చేపల్లో చూసింది మనుషుల్లో ఎందుకు పనిచేయదు అన్నది ఆయన పట్టుదల. బడి పిల్లలకు అయోడిన్ ఇద్దామంటే క్లీవ్‌లాండ్‌లో విషం పెడుతున్నారన్న అభ్యంతరం వచ్చింది, అనుమతి దొరకలేదు. ఆయన దగ్గర చదువుకుంటున్న కింబాల్ సాయంతో పక్కనున్న ఏక్రన్ పట్టణం ఒప్పుకుంది. 1917లో మొదలుపెట్టి అమ్మాయిలకు ఏడాదికి రెండుసార్లు, ఒక్కో విడతలో మొత్తం 2 గ్రాముల సోడియం అయొడైడ్ ఇచ్చారు. తీసుకున్న 2,190 మందిలో గ్రంథి పెరిగింది 5గురికి. తీసుకోని 2,305 మందిలో 495 మందికి. ఈ అంకెల ముందు అభ్యంతరాలు నిలబడలేదు. 1924లో మిచిగన్ రాష్ట్రంలో అయోడిన్ ఉప్పు అమ్మకానికి వచ్చింది.

అప్పటికే మెరైన్ న్యూయార్క్‌లోని మాంటెఫియోర్ ఆసుపత్రి ప్రయోగశాలకు మారిపోయాడు. 1976లో, తొంభై ఏళ్లు దాటాక కన్నుమూశాడు. మీ ఇంట్లో ఉప్పు ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అన్న మాట చూసే ఉంటారు, దాని వెనకున్న కథలో ఆ ట్రౌట్ పిల్లలూ ఉన్నాయి.