చర్మశాస్త్రవేత్త నాయుడమ్మ

ఒకప్పుడు తోళ్లు పదును చేసే పని అంటే సమాజంలో చిన్నచూపు ఉండేది. ఆ పనివారిని ఊరికి దూరంగా ఉంచేవారు. రైతు కుటుంబంలో పుట్టి కూడా ఆ పనినే తన విద్యగా ఎంచుకొన్న శాస్త్రవేత్త డాక్టర్ యలవర్తి నాయుడమ్మ.

ఆయన 1922 సెప్టెంబరు 10న అప్పటి గుంటూరు జిల్లాలో, తెనాలి సమీపంలోని యలవర్రులో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో రసాయన సాంకేతిక విద్య అభ్యసించారు. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది తిరిగివచ్చారు. మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు 1958 నుండి 1971 వరకు డైరెక్టరుగా పనిచేశారు. తిరుత్తణిలోగాని, తిరువళ్లూరులోగాని రైలెక్కి చెన్నైకి వెళితే, అక్కడి అడయారులో ఆ సంస్థను నేటికీ చూడవచ్చు.

పచ్చితోలు ఎందుకు కుళ్లుతుంది? పదును చేస్తే ఎందుకు నిలుస్తుంది? నాయుడమ్మ గారి కృషి ఈ ప్రశ్నల చుట్టూ సాగింది. తోలులోని ముఖ్యమైన మాంసకృత్తు కొలాజెన్. పదును చేసినప్పుడు దాని పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి తోలు చెడకుండా నిలుస్తుంది. మన చర్మానికి, ఎముకలకు బలమిచ్చేది కూడా కొలాజెనే. ఆ సంస్థ నుండి తెచ్చిన కొలాజెన్‌ను పరిశీలించి, మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో దాని నిర్మాణాన్ని వెల్లడించారు. అది మూడు పేటల తాడువంటిది.

తోలు కోసం మొదలైన ఈ అన్వేషణ నేడు వైద్యులకూ ఉపయోగపడుతున్నది. క్యాన్సరు కణితి చుట్టూ కొలాజెన్ పేరుకొని, దాని పోగుల మధ్య బంధాలు ఎక్కువైతే ఆ చోటు గట్టిపడుతుంది. ఆ గట్టిదనం కణితి పెరగడానికి తోడ్పడుతుంది. తిన్నగా సాగిన పోగుల వెంబడి క్యాన్సరు కణాలు దారి చేసుకొని పాకుతాయి. కొలాజెన్ పొరను ఛేదించే ఎంజైముల సాయంతో రక్తనాళాలలోనికి చొరబడి ఇతర అవయవాలకు చేరుతాయి. అయితే కొన్ని సందర్భాలలో ఇదే కొలాజెన్ కణితికి అడ్డుకట్టగా కూడా నిలుస్తుంది. అది ఎప్పుడు మేలు చేస్తుందో, ఎప్పుడు కీడు చేస్తుందో తెలుసుకొనడానికి శాస్త్రజ్ఞులు ప్రయత్నిస్తున్నారు.

నాయుడమ్మ గారికి 1971లో పద్మశ్రీ లభించింది. అదే సంవత్సరం ఆయన దేశంలోని శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. పరిశోధన ఫలితాలు పల్లెల్లోని తోళ్ల పనివారికి చేరాలని పాటుపడ్డారు. 1985 జూన్ 23న కనిష్క విమానం బాంబు పేలుడుకు గురై అట్లాంటిక్ సముద్రంలో కూలినప్పుడు ఆయన మరణించారు.

లోకం హీనంగా చూసిన తోలులోనే ప్రాణుల శరీరాన్ని నిలబెట్టే పదార్థం ఉంది. దానిని శ్రద్ధగా పరిశీలించిన నాయుడమ్మ గారు తోలుపనికీ, ఆ పనివారికీ గౌరవం తెచ్చారు.